గిల్లీయండి అన్నాడు, గిల్లాను

మా ఇల్లు విజయనగరం శివార్లో, ఐదు సెంట్ల స్థలంలో. డాబా, వాకిలి, నుయ్యి పోగా పెరట్లో ఒక్క చెట్టుకి చోటు మిగిలింది. ఇంట్లో మనుషులం నలుగురం, అభిప్రాయాలు ఐదు. నావే రెండు.

కొబ్బరి అన్న మాట ఎత్తితే మా ఆవిడ మాట్లాడేది కాదు, పెరటి గోడ వైపు చూసేది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి, పక్కింటి కొబ్బరి చెట్టుని తీసుకొచ్చి ఆ గోడ మీద పడుకోబెట్టి వెళ్లింది. మునగ వద్దంది మా అమ్మ. గొంగళిపురుగులు పడతాయని చెప్పి ఉంటే నేను ఒప్పుకునేవాణ్ని. దయ్యాల సంగతి చెప్పింది. మావాడు ఏ చెట్టయినా పర్వాలేదు కానీ బంతికి అడ్డం రాకూడదన్నాడు.

అమ్మకి మాత్రం చింత కావాలి. ఎందుకో ఆవిడ చెప్పేదాకా మాకు తట్టలేదు. పైడితల్లమ్మ జాతరలో పూజారి కూర్చుని ఊరేగే సిరిమాను చింతమానే కదా! ఏటా ఆ మాను ఎక్కడుందో అమ్మవారు పూజారికి కలలో చెబుతుంది. ఎవరి దొడ్లో దొరికితే వాళ్లది అదృష్టం.

"మన పెరట్లో ఉంటే ఎప్పటికైనా మనకీ ఆ భాగ్యం పట్టదేటిరా?"

"నరికించుకోడానికి నాటుకుంటామా అత్తయ్యా?" అంది మా ఆవిడ.

అంతెత్తు మాను కావాలంటే కనీసం మనవడి మనవడి దాకా ఆగాలని నేను లెక్క చెప్పాను. అమ్మ ఆ లెక్క వినలేదు. నన్నే ఎగాదిగా చూసింది.

చివరికి సువర్ణరేఖ ఖాయం చేశాను. మన వైపు మామిడి, అందరికన్నా ముందు పండుతుంది, బంగారు రంగు మీద ఎర్రటి బుగ్గ. 2015 జూలైలో రోడ్డు పక్క నర్సరీకి వెళ్లి అంటు మొక్క కొన్నాను. నర్సరీ పెద్దాయన మొక్క మొదట్లో ముడిలాంటిది చూపించి, "బాబూ, ఇదీ అంటు కట్టిన చోటు. మట్టిలో కప్పడిపోకుండా చూడండి. దీని కింద చిగుళ్లొస్తే ఎప్పటికప్పుడు గిల్లీయండి" అన్నాడు. సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్ పెట్టేశాక నాకు గుర్తున్న మాట ఒక్కటే: గిల్లీయండి.

నాటడంలో మాత్రం నాకు ఎవరూ వంక పెట్టలేరు. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. పైమట్టి వేరుగా తీయించి, అందులో రెండు తట్టల గెత్తం, కాస్త వేపపిండి కలిపించాను. గొయ్యి చూసి ఎదురింటి తాతగారు కర్ర పోటేసుకుంటూ వచ్చి, "ఎవరికి బాబూ?" అని మెల్లగా అడిగారు.

తర్వాతి వేసవికి అంటు కింద నుంచి ఒక చిగురు లేచింది. ఎంత జోరుగా లేచిందంటే, నెల తిరిగేసరికి దాని ముందు పై కొమ్మ జబ్బుమనిషిలా కనిపించింది. నాలుగు ఆకులు, అవీ వాలిపోయి. ఇక్కడే నాకు పెద్దాయన మాట గుర్తొచ్చింది. గిల్లడం కాదు, కత్తిపీట తెచ్చి ఆ నీరసపు కొమ్మని శుభ్రంగా కోసేశాను. బలమైనదానికి మూడు కర్రలు పాతి, పురికొస కట్టి, మేకలు రాకుండా కంచె వేశాను.

అంటు మామిడికి తొలి ఏళ్లలో పూత వస్తే దులిపేయాలని ఎక్కడో చదివాను. దులపడానికి నేను సిద్ధం. పూతే రాలేదు. 2018లో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని ఊడ్చేసింది. మా ఊళ్లో గాలి అంత లేదు గానీ, మా చెట్టు నిలబడ్డ గొప్పంతా దాని వేరుదేనని ఆఫీసులో చెప్పుకున్నాను. అప్పటికింకా ఆ వేరు ఎవరిదో నాకు తెలీదు.

2023లో కాసింది. పదకొండు కాయలు. గడ్డిలో మాగవేశాను. పండినా ఆకుపచ్చగానే ఉన్నాయి. మొదటి పండు సంప్రదాయంగా అమ్మకిచ్చాను. ఆవిడ కొరికి, ఒక కన్ను మూసి, రెండో కంటితో నన్ను చూసింది. నేను కొరికితే చెవులు కదిలాయి. పళ్ల సందుల్లో పీచు రెండ్రోజులుంది.

దెబ్బలాడదామని నర్సరీ పెద్దాయన్ని బండి మీద ఎక్కించుకొచ్చాను. ఆయన చెట్టు వైపు చూడకుండా మొదట్లో కూర్చుని, వేలితో ఒక పాత కోత మచ్చ తడిమాడు.

"ఇక్కడో కొమ్మ ఉండాల. ఏటైంది?"

"గిల్లేశాను. మీరే కదా చెప్పారు!"

ఆయన కాసేపు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చెమటేమో అనుకున్నాను. "టెంక మొక్క వేరుకి గట్టిది బాబూ, కాయకి పులుపు. అందుకే దాని మీద సువర్ణరేఖ కొమ్మ కడతాం. మీరు పెళ్లికొడుకుని గెంటేసి, పల్లకీ మోసినోణ్ని పీట మీద కూకోబెట్టినారు."

ఎనిమిదేళ్లు నీళ్లు పోసింది ఆ బోయీకన్నమాట.

ఇప్పుడు వేసవొస్తే మా ఇంటికి చుట్టరికాలు పెరుగుతాయి. ఆవకాయకి ఇంత పుల్లటి కాయ బజార్లో దొరకదట. వీధిలో ఆడవాళ్లంతా బుట్టలతో వస్తారు, మా ఆవిడ రాణీగారిలా పంచుతుంది, నేను నిచ్చెన పట్టుకుంటాను. దీన్ని సువర్ణరేఖ అని పిలిచేది ఇంట్లో నేనొక్కణ్నే.

మొన్న వానలకి గోడ వార ఏదో మొలిచింది. వంగి చూస్తే చింత మొక్క. చుట్టూ మూడు కర్రలు పాతి, పురికొస కట్టి ఉంది. ఆ కట్టినది నేను కాదు. "అమ్మా!" అని కేకేశాను.

"దాన్ని నువ్వు ముట్టుకోకు" అని లోపల్నించి వినిపించింది.