ఈశాన్యంలో ఓజోన్

మా హాల్లో ఈశాన్య మూల రెండడుగుల అక్వేరియం ఉంది. అందులో మూడు గోల్డ్‌ఫిష్‌లు. ఆ మూల నీళ్లుంటే ఇంటికి డబ్బొస్తుందన్నారు. వచ్చింది, వచ్చినట్టే అక్వేరియం షాపుకు వెళ్లిపోయింది.

నీళ్లు పసుపు తిరిగాయంటే షాపాయన ఓజోన్ జనరేటర్ అంటగట్టాడు. గాలికి కరెంటు షాక్ ఇచ్చి ఓజోన్ పుట్టించే పెట్టె అది. ఆకాశంలో ఓజోన్ పొరను కాపాడటానికి 1987లో దేశాలు మాంట్రియల్ దాకా వెళ్లి ఒప్పందం రాసుకున్నాయి. నేను టీవీ స్టాండు పక్కనే తయారుచేస్తున్నాను. ఒక్క శాలువా కప్పినవాడు లేడు.

వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చి, మేత తగ్గిస్తే చాలని కొందరంటారు. బకెట్టూ మగ్గూ పట్టుకుంటే సైన్సవుతుందా? పైగా పైసా ఖర్చు లేదు. ఖర్చులేని వైద్యాన్ని మా వంశంలో ఎవరూ నమ్మలేదు.

ఓజోన్ పసుపును విరగ్గొట్టింది, నీళ్లు అద్దంలా మెరిశాయి. చేపల మొప్పల్లోంచి వచ్చే అమ్మోనియా చివరికి నైట్రేటై పేరుకుంటుంది, దాని జోలికి మాత్రం ఓజోన్ పోదు. టెస్ట్ కిట్‌లో రంగు ముదిరితే కిట్టునే అనుమానించాను.

రెండో నెలలో రబ్బరు ట్యూబు పగిలింది. ఓజోన్ రబ్బరును తినేస్తుందట. సిలికాన్ ట్యూబు కొన్నాను. మిగిలిన ఓజోన్ చేపల మొప్పల్ని కాల్చకుండా బొగ్గు ఫిల్టరు కొన్నాను. నీళ్లలో ఆక్సీకరణ జోరు ఎంతుందో మిల్లీవోల్టుల్లో చెప్పే ఓఆర్‌పీ మీటరు కొని, అది 350 దాటకుండా కాపలా కాస్తున్నాను. పిల్లాడి మార్కులు ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు.

ఈలోగా హాలంతా జిరాక్సు షాపు వాసన. ఓజోన్ అన్న పేరే గ్రీకులో 'వాసన' నుంచి వచ్చిందని మా ఆవిడకు వివరించాను.

"పేరు సంగతి తర్వాత, పిల్లాడు దగ్గుతున్నాడు. ముందు ఆ పెట్టె కట్టేయండి" అంది.

అసలు చిక్కు మేతతో. పొద్దున నేనో చిటికెడు వేస్తాను. బడికెళ్తూ పిల్లాడు గుప్పెడు. మధ్యాహ్నం అమ్మ, "నోళ్లు తెరుస్తున్నాయిరా పాపం" అంటూ ఇడ్లీ ముక్క. గోల్డ్‌ఫిష్ నోరు ఎప్పుడు మూసింది గనక! కానీ అమ్మకు అడ్డుచెప్పడం కన్నా పెద్ద జనరేటర్ కొనడం తేలిక.

ఈమధ్య చేపలు భలే హుషారుగా ఉన్నాయి. టెస్ట్ కిట్ కూడా దారికొచ్చింది. ఎందుకోగాని బాల్కనీలో కరివేపాకు మొక్క గుబురుగా చిగురేసింది. నేను ఆఫీసుకు వెళ్లేటప్పుడు పొడిగా ఉండే బకెట్టు, వచ్చేసరికి తడిగా ఉంటోంది. పెద్ద జనరేటర్‌కు అడ్వాన్స్ ఇచ్చేశాను.