స్టాప్ బోర్డు గారికి నమస్కరించి వ్రాయునది

అమెరికా వీధి మూలల్లో వెలసిన ఎర్ర స్టాప్ బోర్డు గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను, నా లెర్నర్స్ పర్మిట్, పక్క సీట్లో మా ఆయన క్షేమం. మీరు కూడా ఎండకీ వానకీ చలించకుండా, ఎవరి కారూ తగలకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

కాలిఫోర్నియాకి వచ్చిన కొత్తల్లో డ్రైవింగ్ పుస్తకంలో మీ గురించి చదివి తెగ ముచ్చటపడ్డాను. మీకు లైటు లేదు, గంట లేదు, అడ్డుకర్ర లేదు, పక్కన విజిల్ వేసే కానిస్టేబులూ లేడు. ఒక ఇనప రాట, దాని నెత్తిన 30 అంగుళాల రేకు. అంతే! దాన్ని చూసి అంతంత బండ్లు ఉన్నచోటే ఆగిపోవాలట. హారన్ మీద చెయ్యి తీయకుండా కూడలి దాటేవాళ్ళ మధ్య పెరిగినదాన్ని కదా, రేకు మాట వినే జనం కూడా ఉంటారంటే చేతులెత్తి మొక్కాలనిపించింది. ఆ పేజీ అప్పుడే కంఠతా పట్టేశాను.

తర్వాత రోడ్డెక్కి మీ భక్తులని కళ్ళారా చూశాను.

కారు వస్తుంది. వెనక ఎర్ర లైటు ఒక్కసారి మినుకుమంటుంది. లోపలున్నాయన మెడ సగం తిప్పుతాడు. బండి మీ ముందు నుంచి, పెళ్ళిలో తెలియనివాళ్ళకి పెట్టే నమస్కారంలా ఒక మొక్కుబడి నడకతో జారిపోతుంది. దీనికి వాళ్ళు ‘కాలిఫోర్నియా స్టాప్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. అన్ని రాష్ట్రాలవాళ్ళూ చేసే పనికి ఘనతంతా ఒక్క రాష్ట్రానికే కట్టబెట్టడం ఏం న్యాయమో! నేను గమనించినంతలో మీ ముందు నిజంగా ఆగేది ఇద్దరే. అద్దంలో పోలీసు కారు కనబడినవాడు ఒకడు, ఇంకా లైసెన్సు చేతికి రానివాడు మరొకడు.

ఆగడమంటే ఎలా ఆగాలో మీకు చెప్పక్కర్లేదు గానీ, మీ ముందు సరిగ్గా ఆగేవాళ్ళు తక్కువ కాబట్టి మర్చిపోయి ఉంటారేమోనని చెబుతున్నాను. బ్రేకు నొక్కగానే కారు ముక్కు కిందకి వంగుతుంది. చక్రాలు ఇంకా తిరుగుతూనే ఉంటాయి. పూర్తిగా ఆగిన క్షణంలో బండి మొత్తం ఒక్క పిసరు వెనక్కి ఊగి కుదురుకుంటుంది, మన వీపు సీటుకి ఆనుతుంది. ఆ ఊపు రాకపోతే ఆగనట్టే లెక్క. అదీ తెల్ల గీతకి ఇవతలే రావాలి. గీత దగ్గర ఆగితే ఏం కనబడుతుంది? మూలింటివాళ్ళు ప్రేమగా పెంచుకున్న పొద కనబడుతుంది. కాబట్టి ముందు చట్టం కోసం ఆగాలి, తర్వాత నెమ్మదిగా ముందుకి జరిగి, అడ్డంగా ఎవరైనా వస్తున్నారేమో చూడటానికి మళ్ళీ ఆగాలి.

ఇదంతా మా ఆయన సమక్షంలో జరగాలి. పర్మిట్ మీద నడిపేటప్పుడు పక్కన లైసెన్సు ఉన్న మనిషి ఉండి తీరాలి కదా! ఆయనకి పక్క సీట్లో కూడా ఒక బ్రేకు ఉంది. అది నాకు కనబడదు. మీకు వంద గజాల దూరం నుంచే దాన్ని తొక్కడం మొదలుపెడతారు.

“ఆగు, ఆగు, ఆగు!”

“ఆగాను కదండీ.”

“ఎంతసేపు ఆగుతావు? పద!”

“మూడు సెకన్లు లెక్కపెట్టమన్నది మీరేగా?”

“ఎవరూ లేనప్పుడు కూడానా?”

ఈ మూడు సెకన్లు ఎక్కడివని తర్వాత వెతికాను. ఇక్కడి చట్టంలో గీత దగ్గర ఆగమని ఉంది గానీ సెకన్ల లెక్కేమీ లేదు. నేర్పేవాళ్ళు చల్లిన మంత్రాక్షతలన్నమాట. ఆ మంత్రం నాకు చెప్పిన ఆయన మాత్రం తను నడిపేటప్పుడు ఒకటి కూడా పూర్తిగా అనరు.

ఇక మీరు నలుగురు అన్నదమ్ములూ నాలుగు మూలలా నిలబడే చోటు సంగతి. ముందు వచ్చినవాడు ముందు వెళ్ళాలి, ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపువాడికి దారివ్వాలి. బాగుంది. మరి నాలుగు కార్లూ ఒకేసారి వస్తే? ప్రతివాడికీ కుడివైపు ఇంకోడు ఉంటాడు. అందరూ ఆగుతారు. ఎవరో చెయ్యి ఊపుతారు. అద్దం మీద ఎండ పడి ఆ చెయ్యి నాకు సరిగ్గా కనబడదు. ఇద్దరం ఒకేసారి కదులుతాం, ఒకేసారి ఆగుతాం, ఒకరికొకరం మళ్ళీ చేతులూపుకుంటాం. ఇంత మర్యాద నేను వియ్యాలవారి మధ్య కూడా చూడలేదు. చెయ్యి ఊపినాయనే వచ్చి గుద్దితే, ‘రమ్మన్నది నువ్వే కదా’ అని రుజువు చేసేదెట్లా?

ఇంకా కష్టం, మీలో కొందరు నాలుగువైపులా ఉండరు. రెండువైపులే ఉంటారు. అడ్డంగా వచ్చేవాడికి బోర్డే లేదు, వాడు ఆగడు. ఆ తేడా తెలియాలంటే మీ మెడ కింద ‘ఆల్ వే’ అనే చిన్న పలక ఉందో లేదో చూడాలి. లేదంటే పక్క వీధివైపు తిరిగి ఉన్న మీ తమ్ముడి వీపు చూసి పోల్చుకోవాలి. మీకు ఎనిమిది మూలలు ఉన్నందుకు ఆ ఒక్క మేలైతే జరిగింది, వెనక నుంచి కూడా ఇట్టే గుర్తుపట్టొచ్చు. 

మీ పూర్వాశ్రమం గురించి కూడా కొంచెం ఆరా తీశాను, ఏమీ అనుకోకండి. 1915లో డెట్రాయిట్‌లో మీరు వెలసినప్పుడు తెల్ల పలక మీద నల్ల అక్షరాలట. 1920ల్లో ఎనిమిది మూలల ఆకారం వచ్చింది. రాత్రిపూట కనబడాలని చాలాకాలం పసుపు కట్టారు. వెలిసిపోని ఎరుపు దొరికాక 1954 నుంచి ఈ వేషం స్థిరపడింది. అన్నట్టు, న్యూయార్క్‌కి 1903లో ట్రాఫిక్ నియమాలు రాసిపెట్టిన విలియం ఫెల్ప్స్ ఈనో అనే పెద్దమనిషి జన్మలో కారు నడపడం నేర్చుకోలేదని చెబుతారు. చూశారా, రూల్సు మీద అంత ప్రశాంతంగా కూర్చుని ఆలోచించగలిగాడంటే అదే కారణం అయ్యుంటుంది. పక్క సీట్లో ఎవరూ లేరు పాపం.

మీ విషయంలో నాకు బాగా నచ్చిన ముచ్చట ఇంకొకటుంది. టెస్లా కార్లలో తనంతట తాను నడిచే సాఫ్ట్‌వేరుకి స్థానికుల పద్ధతి నేర్పారు. చుట్టుపక్కల ఎవరూ లేకపోతే నలుగురు అన్నదమ్ముల కూడలిలో కూడా ఆగకుండా మెల్లగా జారిపోయేది. ప్రభుత్వం ఊరుకోలేదు. 2022లో దాదాపు 54,000 కార్లకి రీకాల్, అంటే లోపం దిద్దుతామనే పిలుపు, కంపెనీ చేత ప్రకటింపజేసి ఆ తెలివి తీసేయించారు. మనుషులకి మాత్రం ఇప్పటిదాకా ఏ రీకాలూ రాలేదు. వస్తే మా వీధిలో మొదటి పేరు మా ఇంట్లోదే.

వచ్చేవారం నాకు టెస్టు. చిన్న చిన్న తప్పులు పదిహేను దాకా క్షమిస్తారట. మలుపులో కాస్త వెడల్పుగా తిరిగినా, అద్దం చూడటం మర్చిపోయినా కథ నడుస్తుంది. మీ దగ్గర మాత్రం చక్రం పూర్తిగా ఆగకపోతే ఆ ఒక్కదానికే ఇంటికి పంపేస్తారు. అంటే ఈ దేశంలో రోజూ కోట్లమంది చేసే పని చేస్తే నాకు లైసెన్సు రాదు, వచ్చాక మాత్రం నేనూ చేస్తానని అందరూ ఇప్పటినుంచే ధైర్యం చెబుతున్నారు. “ఈ కొన్నాళ్ళూ ఓపిక పట్టు, తర్వాత నీకే అలవాటైపోతుంది” అంటుంది పక్కింటావిడ. అలవాటయ్యేది ఆగడం కాదని నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

లైసెన్సు వస్తేనే గదా పాలకైనా పిల్లాడి బడికైనా ఒకరిని బతిమాలకుండా కదిలేది! అందుకని మీ ముందు బుద్ధిగానే నిలబడతాను. ఆ ‘ఆల్ వే’ పలకని మాత్రం ఇంకొంచెం పెద్దది చేయించుకోండి. మూలింటి పొద సంగతి కూడా ఎవరికైనా చెప్పి చూడండి.

టెస్టు రోజున అక్కడిదాకా బండి నేనే నడుపుకుంటూ వెళ్దామని నిర్ణయించుకున్నాను. దారిలో మీవాళ్ళు చాలామంది ఉన్నారు. మా ఆయన నడిపితే మేం అక్కడికి చేరకముందే ఫెయిలవుతాం.

ఇట్లు,
గీతకి ఇవతల ఆగి ఉన్న
మీ విధేయురాలు