జెర్రీ రైస్: మోకాలి గాయం తర్వాతి 6,440 గజాలు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఎవరూ అందుకోలేని రికార్డు ఏదంటే చాలామంది ఠక్కున చెప్పే అంకె 22,895. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో వైడ్ రిసీవర్ (పరుగెత్తుతూ పాస్‌లు అందుకునే ఆటగాడు) జెర్రీ రైస్ 20 సీజన్లలో పాస్‌లు అందుకుని సంపాదించిన గజాలవి, అంటే బంతిని ముందుకు చేర్చిన దూరం. రెండో స్థానంలో ఉన్న లారీ ఫిట్జ్‌గెరాల్డ్ 17 సీజన్లు ఆడి 17,492 దగ్గర ఆగాడు. ఇద్దరి మధ్య తేడా 5,403 గజాలు. మంచి రిసీవర్లు అనిపించుకున్న ఎందరికో కెరీర్ మొత్తం కలిపినా అన్ని గజాలు రావు.

ఈ రికార్డు ప్రస్తావన వస్తే అందరూ 1980లలోకి వెళ్లిపోతారు. క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) జో మోంటానా విసిరిన పాస్‌లు, కోచ్ బిల్ వాల్ష్ వ్యూహాలు, రైస్ జట్టు శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ గెలిచిన సూపర్ బౌల్స్, అంటే లీగ్ ఫైనల్స్. రైస్‌ను గొప్ప ఆటగాణ్ని చేసింది ఆ రోజులే, కాదనను. కానీ రికార్డును ఎవరికీ అందనంత ఎత్తున పెట్టింది మాత్రం ఎవరూ పెద్దగా గుర్తుపెట్టుకోని చివరి ఏడు సీజన్లు. ఇది అభిమానంతో అంటున్న మాట కాదు, లెక్క చూస్తే తేలేదే.

1997 ఆగస్టు 31న, సీజన్ మొదటి మ్యాచ్‌లోనే, టాంపా బే మీద ఆడుతూ రైస్ ఎడమ మోకాలి లిగమెంట్లు తెగిపోయాయి. ఆ ఏడాది చివరికి అతడి ఖాతాలో ఉన్నవి 1,057 క్యాచ్‌లు, 16,455 గజాలు, పాస్ అందుకుని చేసిన 155 టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించడం). వయసు 35 నిండింది. అక్కడే ఆట మానేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. కానీ అప్పుడు గజాల రికార్డు ఇవాళ ఫిట్జ్‌గెరాల్డ్ పేరిట ఉండేది. క్యాచ్‌ల రికార్డు ఎప్పుడో చెదిరిపోయేది. టచ్‌డౌన్ల రికార్డు కూడా పోయేది. ఎందుకంటే ర్యాండీ మాస్ తన కెరీర్‌లో అందుకున్న టచ్‌డౌన్ పాస్‌లు 156. ఒకే ఒక్కటి ఎక్కువ!

అంటే 'ఎవరూ చెరపలేరు' అని మనం చెప్పుకునే మూడు రికార్డులూ గాయం తర్వాతే ఆ స్థాయికి చేరాయి. 1998 నుంచి 2004 దాకా రైస్ మరో 492 క్యాచ్‌లు, 6,440 గజాలు, 42 టచ్‌డౌన్లు కలిపాడు. 35 దాటాక ఒక రిసీవర్ ఇంత ఆడటం ఎంత అరుదో తెలియాలంటే ఆ పని ఎలాంటిదో చూడాలి. రిసీవర్ పరుగెత్తుతూ, వెనక్కి తిరిగి, గాల్లో వస్తున్న బంతిని రెండు చేతులా పట్టుకోవాలి. పట్టుకున్న క్షణంలోనే వంద కిలోల మనిషి వచ్చి గుద్దేస్తాడు. లేచి మళ్లీ పరుగెత్తాలి. వేగం కాస్త తగ్గిందంటే జట్టు మరో కుర్రాణ్ని చూసుకుంటుంది. ఈ లీగ్‌లో చాలామంది 30 దాటకముందే ఇంటికి చేరేది అందుకే.

రైస్ ఎలా నిలబడ్డాడు? నాకు తోచిన సమాధానం ఇది: వేగాన్ని నమ్ముకుని ఎదిగిన ఆటగాడు కాదు కాబట్టి. మిసిసిపీ రాష్ట్రంలోని క్రాఫర్డ్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. తండ్రి తాపీమేస్త్రి. వేసవిలో అన్నదమ్ములు కింద నుంచి విసిరే ఇటుకలను పరంజా మీద నిలబడి పట్టుకోవడం అతడి పని. ఇటుక జారితే కాలి మీద పడుతుంది. చేతులకు ఆ పట్టు అక్కడే అలవడిందని రైస్ స్వయంగా చాలాసార్లు చెప్పాడు. పెద్ద యూనివర్సిటీలేవీ పట్టించుకోకపోవడంతో మిసిసిపీ వ్యాలీ స్టేట్ అనే చిన్న నల్లజాతి విద్యాసంస్థలో చేరాడు. అక్కడ 1984 సీజన్‌లో 27 టచ్‌డౌన్లు చేశాడు. అదే ఏడాది హ్యూస్టన్‌లో మ్యాచ్ కోసం వెళ్లిన బిల్ వాల్ష్ హోటల్ గదిలో టీవీ చూస్తుంటే రైస్ ఆట కంటపడింది. మిగతా జట్లు 'వేగం సరిపోదు' అని సందేహిస్తున్న సమయంలో వాల్ష్ మరో జట్టుతో బేరం కుదుర్చుకుని, డ్రాఫ్ట్‌లో (జట్లు వరుసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) ముందుకు జరిగి, 1985లో 16వ ఎంపికగా రైస్‌ను తీసుకున్నాడు. అతడికంటే ముందే ఇద్దరు రిసీవర్లను వేరే జట్లు ఎంచుకున్నాయి.

మొదటి ఏడాది సొంత మైదానంలోనే ప్రేక్షకులు గేలి చేశారు. చేతుల్లోకి వచ్చిన బంతులను వదిలేసేవాడు మరి. ఎన్నో ఎత్తుగడలు తలలో పెట్టుకుని పరుగెత్తాల్సి రావడంతో ఆ టెన్షన్‌లో చేతులు మాట వినేవి కావు. డిసెంబరులో ర్యామ్స్ జట్టు మీద ఒకే మ్యాచ్‌లో 241 గజాలు సాధించాకే జనం నోళ్లు మూతపడ్డాయి.

అతడి ఆట పాత వీడియోల్లో చూడాలంటే కాళ్లను చూడాలి, చేతులను కాదు. మామూలు రిసీవర్ మలుపు తిరగబోయే ముందు అడుగులు చిన్నవి చేస్తాడు, నడుము కొంచెం కిందికి దించుతాడు. ఎదుటి డిఫెండర్ ఆ సూచన పట్టుకుని ముందే అక్కడికి చేరతాడు. రైస్ విషయంలో ఆ సూచన కనిపించదు. నేరుగా పరుగెత్తినా, లోపలికి కోసుకుంటూ వెళ్లినా మొదటి అడుగులన్నీ ఒకేలా ఉంటాయి. వేగం తగ్గించకుండానే తిరిగిపోతాడు. డిఫెండర్ తేరుకునేలోపు మూడు గజాల ఖాళీ దొరుకుతుంది. అందులోకి బంతి వస్తుంది. ప్రాక్టీస్‌లో కూడా ఏ చిన్న పాస్ అందుకున్నా అవతలి గీత దాటేదాకా పరుగు ఆపేవాడు కాదు. సీజన్ లేని నెలల్లో ఎడ్జ్‌వుడ్ పార్కులో దాదాపు రెండున్నర మైళ్ల కొండదారి పరుగెత్తేవాడు. సిలికాన్ వ్యాలీలో ఉంటున్న తెలుగువాళ్లలో కొందరికి ఆ కాలిబాట పరిచయమే అయివుంటుంది. శని, ఆదివారాల్లో మామూలు నడకకే ఆయాసం తెప్పించే దారి అది.

వయసుతో వేగం పోతుంది. అడుగుల లెక్క, మలుపు దగ్గర ఒడుపు అంత త్వరగా పోవు. 1985లో లోపంగా కనిపించిందే 2002లో అతణ్ని కాపాడిందని నేను నమ్ముతున్నాను.

మంచి రోజుల గురించి అందరూ రాశారు కాబట్టి ఒక్క మ్యాచ్‌తో సరిపెడతాను. 1989 జనవరి, మయామి, సిన్సినాటి మీద సూపర్ బౌల్. ఆ వారమంతా రైస్‌ను చీలమండ నొప్పి వేధించింది. మూడు నిమిషాల చిల్లర మిగిలివుండగా ఫార్టీనైనర్స్ మూడు పాయింట్లు వెనకబడి, టచ్‌డౌన్ గీతకు 92 గజాల దూరంలో ఉంది. ఆ ప్రయాణంలో 51 గజాలు రైస్ చేతుల మీదుగానే వచ్చాయి. ఆఖరి టచ్‌డౌన్ మాత్రం అతడిది కాదు. డిఫెన్స్ కళ్లన్నీ రైస్ వైపు తిరిగివుంటే బంతి జాన్ టేలర్‌కు వెళ్లింది. 20-16తో గెలుపు. 11 క్యాచ్‌లు, 215 గజాలతో రైస్ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడు.

ఇక గాయం దగ్గరికి వద్దాం. అప్పటిదాకా 12 సీజన్లలో గాయం కారణంగా ఒక్క మ్యాచ్ కూడా మానని మనిషి. సీజన్ అయిపోయినట్టే అనుకుంటున్న సమయంలో మూడున్నర నెలలకే, డిసెంబరు 15న, డెన్వర్ మీద మళ్లీ దిగాడు. మోంటానా జెర్సీ నంబరుకు వీడ్కోలు పలికిన రాత్రి కూడా అదే. టచ్‌డౌన్ పాస్ అందుకున్నాడు, కిందపడ్డాడు, మోకాలిచిప్ప పగిలింది. దీన్ని వీరగాథగా చెప్పేవాళ్లున్నారు. నా దృష్టిలో అది తొందరపాటే. జట్టు అప్పటికే బాగా ఆడుతోంది, ఆ ఒక్క మ్యాచ్‌కు అతడి అవసరం అంతగా లేదు. ఆపాల్సినవాళ్లు ఆపలేదు. కెరీర్ అక్కడే ముగిసిపోయేదే.

ముగియలేదు. 1998లో 16 మ్యాచ్‌లూ ఆడి 1,157 గజాలు చేశాడు. తర్వాతి రెండేళ్లూ వెయ్యి దాటలేదు. 2000 డిసెంబరులో సొంత మైదానంలో అతడికి వీడ్కోలుగా భావించిన మ్యాచ్‌లో టెరెల్ ఓవెన్స్ అనే కుర్రాడు 20 క్యాచ్‌లు పట్టి లీగ్ రికార్డు బద్దలుకొట్టాడు. 16 ఏళ్లు ఆడిన చోట వారసుడు కళ్లముందే తయారయ్యాడు. 2001 వేసవిలో జట్టు రైస్‌ను వదులుకుంది.

బే అవతలి ఒడ్డున ఓక్లాండ్ రైడర్స్ పిలిచింది. అక్కడ మోంటానా లేడు, ఫార్టీనైనర్స్‌లో అతడి తర్వాత పాస్‌లు విసిరిన స్టీవ్ యంగ్ లేడు. రిచ్ గానన్ అనే క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు. మొదటి ఏడాది 1,139 గజాలు, 2002లో 92 క్యాచ్‌లతో 1,211 గజాలు. ఆ సీజన్ మధ్యలోనే రైస్‌కు 40 నిండాయి. 2003 జనవరిలో సూపర్ బౌల్‌లో జట్టు టాంపా చేతిలో 48-21తో చిత్తుగా ఓడినా, అతడు 48 గజాల టచ్‌డౌన్ చేశాడు. 'గొప్ప క్వార్టర్‌బ్యాక్‌లు ఉన్నారు కాబట్టి ఆ గజాలు వచ్చాయి' అనేవాళ్లకు ఈ రెండు సీజన్లే జవాబు. వాల్ష్ పద్ధతి అతడికి కలిసొచ్చిందనడంలో సందేహం లేదు. అయితే వాల్ష్ లేని చోట, 40 ఏళ్ల వయసులో, కొత్త జట్టులో వెయ్యి దాటడానికి వేరే ఏదో ఉండాలి.

అభిమానులకు నచ్చని మాట కూడా చెప్పుకోవాలి. 2015లో రైస్ తన గ్లవ్స్ మీద స్టికమ్ అనే జిగురు స్ప్రే వాడేవాణ్నని బయటపెట్టాడు. దాన్ని లీగ్ 1981లోనే నిషేధించింది. తన తరంలో అందరూ వాడారని తర్వాత సర్దిచెప్పుకున్నాడు. ఆ సమర్థన నాకు రుచించలేదు. నిబంధన నిబంధనే. కాకపోతే జిగురు బంతిని చేతికి అంటిస్తుందేమో గానీ, డిఫెండర్ నుంచి మూడు గజాల దూరం తెచ్చిపెట్టదు. మచ్చ ఉంది, అంకెలు దానివల్ల వచ్చినవి కావు.

2004లో వరుసగా 274 మ్యాచ్‌ల్లో కనీసం ఒక క్యాచ్ పట్టిన పరంపర తెగింది. కొన్ని వారాలకే సియాటిల్‌కు మారాడు. డిసెంబరులో, 42 ఏళ్ల వయసులో, డాలస్ మీద 145 గజాలు చేశాడు. 2005లో డెన్వర్ శిబిరంలో చేరాడు గానీ, వరుసలో వెనక నిలబడే రిసీవర్‌గా ఉండటం ఇష్టంలేక సీజన్ మొదలవకముందే రిటైరయ్యాడు.

ఇప్పటి లీగ్‌లో రిసీవర్లకు అన్నీ అనుకూలమే. మొదటి ఐదు గజాలు దాటాక డిఫెండర్ చెయ్యి వేస్తే పెనాల్టీ. 2021 నుంచి సీజన్‌కు 17 మ్యాచ్‌లు. ఒక్క సీజన్ రికార్డులు సులువుగానే మారుతున్నాయి. 1995లో రైస్ పెట్టిన 1,848 గజాల రికార్డును 2012లో కాల్విన్ జాన్సన్ 1,964తో దాటేశాడు. కానీ శరీరం సహకరించక తొమ్మిది సీజన్లకే, 30 ఏళ్లకే, జాన్సన్ ఆట వదిలేశాడు. వరుసగా 11 సీజన్లు వెయ్యి గజాలు దాటిన రైస్ రికార్డును మైక్ ఎవాన్స్ 2024 సీజన్‌లో సమం చేశాడు. మొత్తం గజాల్లో మాత్రం ఎంతో దూరంలో ఉన్నాడు.

ఈ తరంలో రైస్‌తో పోలుస్తున్నది ఎక్కువగా జస్టిన్ జెఫర్సన్‌ను. మొదటి ఐదు సీజన్లలో 7,432 గజాలు చేశాడు, అంత వయసులో రైస్ కూడా అంత దూరం వెళ్లలేదు. ఏటా 1,500 చొప్పున తీసినా 22,895 చేరడానికి 15 సీజన్లు చాలవు. జెఫర్సన్ 1999లో పుట్టాడు. 2034లో 35 నిండుతాయి. అప్పటికి 16,455 దాటివుంటే పెద్ద ఆశ్చర్యమేమీ ఉండదు. అక్కణ్నుంచి ఇంకా 6,440 గజాలు కావాలి.