నా అంబాసిడర్ పాత గేర్‌బాక్సు గారికి

అయ్యా,

ఇది క్షమాపణ అనుకునేరు. కాదు, ఫిర్యాదు. కొత్త ఇంజిన్ పెట్టిన మూడు నెలలకే మీరు చేతులెత్తేస్తారని నేననుకోలేదు.

నాన్న 1974లో కొన్న మార్క్ 2లో మీరు నలభై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేశారు. మీ ముందు 1489 సీసీ ఇంజిన్, సుమారు యాభై గుర్రాల బలం. మీకు నాలుగే గేర్లు, ఫస్టుకు సింక్రో, అంటే పళ్ళు గొడవపడకుండా వేగాలు కలిపే అమరిక, లేదు. బండి పూర్తిగా ఆగకముందే ఫస్టు వేస్తే వీధి చివరిదాకా వినపడేలా తిట్టేవారు. అయినా స్టీరింగ్ పక్కన హ్యాండ్ గేరుతో, ముందు సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టుకుని ఎన్ని పెళ్ళిళ్ళకు వెళ్ళొచ్చామో.

అలాంటి మీ నెత్తిన నేను జపాను వాళ్ళ ఇసుజు 1.8 ఇంజిన్ తెచ్చి పెట్టాను. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళే తొంభైలలో అంబాసిడర్‌కు పెట్టిన ఇంజిన్. 1817 సీసీ, 75 గుర్రాలు. దానికి రంగు వేయించాను, ఫొటోలు తీశాను, ఇంటికొచ్చిన చుట్టానికల్లా బానెట్ ఎత్తి చూపించాను. మిమ్మల్ని ఎవరికీ చూపించలేదు. చూడాలంటే కారు కింద పడుకోవాలి, చుట్టాలు తెల్లబట్టల్లో వస్తారు. ఆ ఇంజిన్‌తో పాటు కంపెనీ ఐదు గేర్ల బాక్సు కూడా ఎందుకిచ్చిందో అడగాలని నాకు తట్టలేదు. డబ్బులెక్కువై ఇచ్చారనుకున్నాను.

ఆ ఇంజిన్ బోల్టు రంధ్రాలు వేరు, మీవి వేరు. లేత్ షాపులో మధ్యకో ప్లేటు చేయించి ఇద్దరికీ ముడిపెట్టాను. ఆ ప్లేటు వెంట్రుకవాసి పక్కకు జరిగినా మీ ముందువైపు బేరింగును తినేస్తుందని తర్వాత తెలిసింది. అన్నీ తర్వాతే తెలిశాయి లెండి. ఘాట్ రోడ్డు మీద, కారు నిండా జనం, ఫస్టు గేరు. టక్కుమని ఒక చప్పుడు, అంతే. మెకానిక్ నూనె దించి, పళ్ళెంలో మీ లే షాఫ్ట్ (లోపల గేర్లను మోసే రెండో కడ్డీ) పళ్ళు మూడు చూపించాడు. పళ్ళ డాక్టరు కూడా అంత శ్రద్ధగా చూపించడు.

గేర్‌బాక్సుకు గుర్రాల లెక్కతో పని లేదని అతనే చెప్పాడు. దానికి తెలిసింది టార్క్, అంటే తిప్పే బలం, ఒక్కటే. ఫస్టులో ఇంజిన్ తిప్పే బలం మూడు రెట్లకు మించి పెరుగుతుంది. ఆ బలానికి పళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ రెండు షాఫ్టులనూ విడదీయాలని చూస్తాయి. పళ్ళ వెడల్పు, షాఫ్టుల మధ్య దూరం, బేరింగులు, వీటిని బట్టే బాక్సు బలం. నేనేమో అప్పటిదాకా పైపెట్టె ఎంత మందంగా ఉందో తట్టి చూసి మురిసిపోయాను.

ఇక మీ స్థానానికి పోటీ మొదలైంది. ఒకాయన జీపు బాక్సు పెట్టమన్నాడు, ఏనుగు తొక్కినా చెక్కుచెదరదట. నిజమే కానీ దాని ఫస్టు గేరు బురదలోంచి లాగడానికి పుట్టింది, మామూలు రోడ్డు మీద కదిలీ కదలకముందే ఇంజిన్ గోల పెడుతుంది. ఇంకొకాయన జపాను నుంచి స్పోర్ట్స్ కారు బాక్సు తెప్పిస్తానన్నాడు. దాని ధరకు మా వీధిలో షట్టరు అద్దెకొస్తుంది. చివరికి అదే ఇసుజు ఇంజిన్‌తో వచ్చిన కాంటెస్సా కారు తుక్కులోంచి ఇసుజు వాళ్ళ సొంత ఐదు గేర్ల బాక్సే తెచ్చాను. మొదటి రోజే తేవలసింది.

అది కూడా ఊరికే రాలేదు. వెనక చక్రాలకు బలం చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయించి బాలెన్స్ చేయించాను. క్లచ్ ప్లేటు మారింది, కింద మౌంటు మారింది. స్పీడోమీటర్ అరవైలో వెళ్తుంటే ఎనభై అంటోంది, పిల్లలకు నచ్చింది. ఆర్టీఓ ఆఫీసులో ఆర్‌సీ మీద ఇంజిన్ మార్పు ఎక్కించుకోవడం వేరే పురాణం. అన్నిటికన్నా పెద్ద నష్టం, ఫ్లోరుకు కంత పెట్టి లీవరు పైకి తీయడంతో ముందు సీట్లో మూడో మనిషికి చోటు పోయింది. అది అత్తయ్య చోటు. ఆమె నాతో మాట్లాడటం మానేసింది.

మీ హ్యాండ్ గేరు లీవరు మాత్రం తీయలేదు. దేనికీ తగిలించి లేదు, ఊరికే స్టీరింగ్ పక్కన ఉంది. నాన్న కారెక్కగానే దాన్ని చూసి, "హ్యాండ్ గేరే ఉంచావు కదరా" అంటారు. అవునంటాను. కొత్త లీవరు మీద తుండు కప్పి ఉంటుంది. ఆయన దాని వంక చూడరు.

ఇట్లు,
మీ మాజీ యజమాని కొడుకు