క్రాకోవ్‌లో ఒక్క రోజు: ఉప్పుగని కాదు, కజిమియెజ్ చూపించండి

మధ్య యూరప్ గ్రూప్ టూర్లలో ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్‌ల పక్కన పోలండ్‌లోని క్రాకోవ్ కూడా కనిపిస్తుంటుంది. అక్కడ బాగా అమ్ముడయ్యే ఒక్కరోజు ప్యాకేజీ ఒకటుంది. పొద్దున్నే బస్సెక్కించి 70 కిలోమీటర్ల దూరంలోని ఆష్విట్జ్, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు యూదులను చంపిన శిబిరానికి తీసుకెళ్తారు. అక్కణ్నుంచి వెలిచ్కా ఉప్పుగనికి. పదకొండు లక్షల మంది ప్రాణాలు తీసిన చోటు చూసొచ్చి, సాయంత్రానికల్లా ఉప్పు షాండ్లియర్ల కింద సెల్ఫీలు!

ఆష్విట్జ్ చూడొద్దని కాదు. చూడాల్సిందే, దానికంటూ ఒక రోజు పెట్టుకుని మరీ. నా అభ్యంతరమల్లా ఈ ప్యాకేజీతో తిరిగొచ్చినవాళ్లకు యూదుల చావు ఒక్కటే తెలుస్తుందని. వాళ్లు శతాబ్దాల పాటు ఆ ఊళ్లో ఎలా బతికారన్నది ఎవరూ చెప్పరు. 1939 నాటికి క్రాకోవ్‌లో యూదులు 60 వేల పైచిలుకు, అంటే ఊళ్లో నాలుగో వంతు. ఒక్కరోజే చేతిలో ఉంటే ఆ రోజు క్రాకోవ్‌లోని పాత యూదుల పేట కజిమియెజ్‌కు ఇవ్వాలి. బస్సు కూడా అక్కర్లేదు, అంతా నడక దూరమే.

కజిమియెజ్ 1335లో పోలండ్ రాజు మూడో కజిమిర్ కట్టించిన వేరే ఊరు. 1494లో క్రాకోవ్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఆ మరుసటి ఏడాది అప్పటి రాజు అక్కడి యూదులను ఇక్కడికి తరలించాడు. షెరోకా వీధిలోని యూదుల ప్రార్థనా మందిరం, రెము సినగాగ్‌లో ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతున్నాయి. 16వ శతాబ్దంలో ఇక్కడి రబ్బీ (యూదు మతగురువు) మోషె ఇస్సెర్లెస్ పెద్ద పండితుడు. అప్పట్లో వచ్చిన యూదుల ధర్మశాస్త్రం స్పెయిన్ వైపు ఆచారాలనే చెప్పి, మధ్య, తూర్పు యూరప్ యూదుల పద్ధతులను పట్టించుకోలేదని ఆయన దానికి తన వ్యాఖ్యలు జోడించాడు. ఇవాళ్టికీ వాళ్ల వారసులకు ఆయన మాటే ప్రమాణం. ప్రాంతాన్ని బట్టి ఆచారం మారడమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పక్కర్లేదు కదా, గైడ్ ఈ కథ మొదలుపెడితే మనవాళ్లకు ఇట్టే ఎక్కుతుంది.

సినగాగ్ వెనకే పాత శ్మశానం. జర్మన్ ఆక్రమణలో చాలావరకు ధ్వంసమైంది, ఇస్సెర్లెస్ సమాధి రాయి మాత్రం నిలిచింది. యుద్ధం తర్వాత, అతకడానికి వీల్లేని సమాధి రాళ్ల ముక్కలన్నీ పేర్చి ప్రహరీగా కట్టారు. దగ్గరికెళ్లి చూస్తే ఒక ముక్క మీద సగం హీబ్రూ అక్షరం, ఇంకో ముక్క మీద ఏదో చెక్కడం. సమాధుల మీద పూలుండవు, గులకరాళ్లు పెడతారు. ఇక్కడ గ్రూపును ఓ అరగంట వదిలేయాలి. పది నిమిషాలే టైమిచ్చే టూర్ మేనేజర్‌తో గొడవ పడినా తప్పులేదు.

మధ్యాహ్నం ప్లాట్స్ నోవీ. నడిమధ్య గుండ్రటి భవనం, చుట్టూ చిన్న చిన్న కిటికీల దుకాణాలు, ప్రతిదాని ముందూ క్యూ. పొడవాటి బ్రెడ్ మీద పుట్టగొడుగులు, చీజ్ వేసి కాల్చిన జాపియెకాంక అమ్ముతారు. శాకాహారులకు బెంగలేదు. ఒకప్పుడు ఇదే భవనంలో యూదుల నియమం ప్రకారం కోళ్లు కోసేవారు. ఆ సంగతి తెలియకుండా తిని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.

సాయంత్రాలు షెరోకా రెస్టారెంట్లలో యూదుల సంగీతం వాయిస్తారు. వాయించేవాళ్లూ వడ్డించేవాళ్లూ చాలావరకు యూదులు కారు. ఇది ఉత్త వేషమని తిట్టేవాళ్లున్నారు. నేను అంతదూరం పోను. కమ్యూనిస్టుల కాలంలో ఈ పేట పాడుబడి ఉంది. 1988లో యూదు సంస్కృతి ఉత్సవం మొదలుపెట్టిందీ యూదులు కాని యువకులే. కానీ సావనీర్ షాపుల్లో అమ్మే, నాణెం పట్టుకున్న గడ్డం యూదు బొమ్మ మాత్రం కొనొద్దు. ఇంట్లో పెట్టుకుంటే డబ్బు వస్తుందని నమ్మకమట. యూదుడంటే డబ్బు పిశాచి అన్న పాత నిందే అదృష్టం పేరుతో తిరుగుతోంది.

కొచ్చిలో 1568 నాటి పరదేశి సినగాగ్, మట్టంచేరి దుకాణాలు చూసినవారికి ఇదంతా అలాంటిదేననిపించవచ్చు. కాదు. కొచ్చి యూదుల్లో అత్యధికులు తమంతట తామే ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. ఇక్కడివారికి ఆ అవకాశమే లేకపోయింది.

అది అర్థమవాలంటే విస్తులా నది దాటి పొద్‌గూజె వెళ్లాలి. యుద్ధంలో యూదులను కాపాడిన షిండ్లర్ కథతో 1993లో వచ్చిన హాలీవుడ్ సినిమాలో ఘెట్టో (నాజీలు యూదులను నిర్బంధించిన పేట) దృశ్యాలు కజిమియెజ్‌లో తీయడంతో అదే ఘెట్టో అనుకునేవారు ఎక్కువయ్యారు. అసలు ఘెట్టో నది అవతల. దాదాపు 3 వేల మంది ఉండే చోట 1941 మార్చిలో సుమారు 15 వేల మందిని కుక్కి, 1943 మార్చిలో ఖాళీ చేయించారు. మరణ శిబిరాలకు పంపేముందు జనాన్ని పోగేసిన కూడలిలో ఇప్పుడు ముప్పైకి పైగా ఖాళీ లోహపు కుర్చీలుంటాయి. పక్కనే తదేవుష్ పాంక్యెవిచ్ మందుల షాపు, ఇప్పుడు మ్యూజియం. యూదుడు కాకపోయినా ఘెట్టోలోనే షాపు నడిపి, లోపలివారికి సాయపడ్డాడాయన.

శనివారం మాత్రం పెట్టుకోకండి, శుక్రవారం సాయంత్రం మొదలయ్యే యూదుల విశ్రాంతి దినం సబ్బాతు కాబట్టి రెము సినగాగ్‌లోకి సందర్శకులను రానివ్వరు. శుక్రవారమైతే మేలు. 2008లో తెరిచిన యూదు కమ్యూనిటీ సెంటర్‌లో ముందే చెప్పుకుంటే ఆ రాత్రి సబ్బాతు భోజనానికి బయటివారూ కూర్చోవచ్చు. క్రాకోవ్‌లో ఇప్పుడున్న యూదులతో మాట్లాడే వీలు అక్కడే దొరుకుతుంది.