డబ్బా బరువూ మన ఖాతాలోనే!

మొన్న పండక్కి కేజీ కాజూ కట్లీ తీసుకుందామని స్వీట్ షాపుకు వెళ్లాను. కుర్రాడు ఖాళీ అట్టడబ్బా కాటా మీద పెట్టి, సున్నా చేయకుండానే స్వీట్లు సర్దేస్తున్నాడు. "తమ్ముడూ, ముందు డబ్బా బరువు తీసెయ్" అన్నాను. "మీకోసమని మంచి గట్టి డబ్బా తీశాను సార్" అని నవ్వాడు. ఆ నవ్వుకే ఒళ్లు మండింది. పట్టుబట్టి విడిగా తూయిస్తే డబ్బా ఒక్కటే 110 గ్రాములు! కేజీ వెయ్యి రూపాయల లెక్కన ఆ అట్టముక్కకు 110 రూపాయలు.

బేరమాడి పది రూపాయలు తగ్గించుకుంటే గడుసుతనం అంటాం. ఎవరినీ నొప్పించకుండా పని చక్కబెట్టుకుంటే లౌక్యం. వాటితో నాకు పేచీ లేదు. మా అమ్మమ్మ కూరగాయల బండి దగ్గర కొసరుగా కరివేపాకు రాబట్టేది, బండివాడూ తెలిసే ఇచ్చేవాడు. ఇది అలాంటిది కాదు. మర్యాద చేస్తున్నట్టు నటిస్తూ, మనకు తెలియకుండా జేబు కొట్టడం. అచ్చమైన జిత్తులమారితనం.

డబ్బా బరువును సరుకులో కలపకూడదని చట్టమే చెబుతోంది. తూనికలు కొలతల శాఖ వాళ్లు ఇలాంటి షాపుల మీద కేసులూ రాస్తుంటారు. అయినా భయం లేదు, ఎందుకంటే అడిగేవాళ్లు లేరు. అడిగితే "ఇంత చిన్నదానికా సార్" అని మనల్నే పిసినారిని చేస్తారు.

నా వెనకే ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన వంతు రాగానే కుర్రాడు మళ్లీ అదే డబ్బా, అలాగే కాటా మీద పెట్టాడు.