గంటలో బెజవాడ

హైదరాబాద్ నుంచి బెజవాడకు విమానంలో గంట ప్రయాణం. టికెట్ మీద అచ్చేసి మరీ చెప్పారు కాబట్టి దీన్ని శంకించడం మర్యాద కాదు. శంకించే అల్పజీవులు లేకపోలేదు. మా బామ్మర్ది వాళ్లలో ఒకడు. మొన్న అత్తగారింటికి ఇద్దరం ఒకే రోజు బయల్దేరాం. నేను తొమ్మిది గంటల విమానానికి, వాడు ఆరింటి బస్సుకి. ఇద్దరం కూకట్‌పల్లిలో ఇల్లు వదిలింది మాత్రం పొద్దున్న ఐదూ ముప్పావుకే.

బెజవాడ మాకు తూర్పున ఉంది. అందుకని నేను ముందుగా దక్షిణానికి, శంషాబాద్ దాకా నలభై కిలోమీటర్లు వెళ్లాను. 2008 మార్చి దాకా విమానాలు బేగంపేటలోనే దిగేవి. ఇంటి పక్కనే విమానం ఎక్కితే ఊరెళ్లినట్టు ఎలా ఉంటుంది? ఆ లోటు తీరింది.

కౌంటరు గంట ముందే మూసేస్తారు కాబట్టి, రెండు గంటల ముందు వెళ్లడం బాధ్యత గల పౌరుడి లక్షణం. సెక్యూరిటీ దగ్గర బెల్టు తీసి ట్రేలో పెట్టి, ఒక చేత్తో ప్యాంటు, ఇంకో చేత్తో బోర్డింగ్ పాస్ పట్టుకుని నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే బామ్మర్ది ఫోన్. ఎత్తడానికి మూడో చెయ్యి లేదు. ఫోనూ ట్రేలోనే ఉంది. అది మోగుకుంటూ ఎక్స్‌రే మెషీన్లోకి వెళ్లిపోయింది. తర్వాత చూస్తే వాట్సాప్‌లో ఫొటో: ఎల్‌బీ నగర్‌లో బస్సు కిటికీ, పక్కన టీ కప్పు.

విమానం నలభై నిమిషాలు ఆలస్యం. కానీ అది గంటలోకి రాదు. టికెట్ మీది గంట విమానం కదిలినప్పుడు మొదలై, అవతల ఆగాక ముగుస్తుంది. కదలకపోతే గంట మొదలే కాలేదన్నమాట. ఇంత పకడ్బందీ లెక్క మన పంచాంగాల్లో కూడా లేదు.

చివరికి ఎగిరాం. రెండు విమానాశ్రయాల మధ్య 260 కిలోమీటర్ల పైచిలుకు. రోడ్డు మీదైతే 275 దాకా. ఆ పదీ పదిహేను కిలోమీటర్లు ఆదా చేయడానికే కదా ఇంత యంత్రాంగం! పైగా గన్నవరం విమానాశ్రయం బెజవాడకి అవతల ఉంది. అంటే విమానం బెజవాడ పక్కగా పోయి, దాటాక దింపుతుంది. అక్కణ్నుంచి ట్యాక్సీలో ఇరవై కిలోమీటర్లు వెనక్కి రావాలి. వెళ్లాల్సిన ఊరిని ముందు పైనుంచి చూపించి, తర్వాత అప్పగించే సౌకర్యం ఏ బస్సులో ఉంది?

పటమటలో అత్తగారింటి గుమ్మం ఎక్కేసరికి పదకొండూ నలభై ఎనిమిది. బామ్మర్ది బెంజి సర్కిల్‌లో దిగి వచ్చింది పన్నెండింటికి. పన్నెండు నిమిషాల ఆధిక్యంతో విజయం నాదే. నిమిషానికి ఎంత పడిందో మా ఆవిడ లెక్క కట్టింది. ఆ అంకె ఇక్కడ అనవసరం.

"సూర్యాపేటలో ఇడ్లీ బాగుంది బావా" అన్నాడు వాడు. నేను వినలేదు. చెవులు ఇంకా దిబ్బడేసే ఉన్నాయి.

తిరుగు ప్రయాణం కూడా విమానంలోనే, రాత్రి ఎనిమిదికి. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చానో లేదో, అత్తగారు వచ్చి "అల్లుడుగారూ, గంట ప్రయాణం కదా, ఇక బయల్దేరండి" అన్నారు. చేతి సంచీలో ఊరగాయ ఉంటే సెక్యూరిటీ వాళ్లు లాగేసుకుంటారని ఆవిడకు ఎవరో చెప్పారట. ఆవకాయ జాడీ బామ్మర్దికి ఇచ్చారు.